గడ్డం పైకెత్తిన మనిషి

జూన్ 3

మా ఇంటి కళ్ళ డాక్టరమ్మకి,

ఇక్కడ నేనూ, మీ అమ్మా, మా ఇద్దరి సంతోషమూ క్షేమం. అక్కడ నువ్వు వేళకు తింటున్నావంటే మీ అమ్మ నమ్మడం లేదు. నేను నమ్ముతున్నాను. ఇంట్లో ఒకరైనా నమ్మాలి కదా.

ఫోన్ చెయ్యొచ్చుగా నాన్నా అంటావు. ఫోన్ మీ అమ్మ చేతిలో ఉంటుంది. నా వంతు వచ్చేసరికి "సరే, ఉంటా" అన్న మాట ఒక్కటే మిగులుతుంది. అందుకే ఉత్తరం. ఇందులో మధ్యలో ఎవరూ లాక్కోరు.

నీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. మీ అమ్మకు వినిపించాను, కింద ఇస్త్రీ చేసే ఆవిడకు వినిపించాను. మీ మామయ్య కళ్ళజోళ్ళ షాపులో అక్షరాల బోర్డు ముందు కూర్చున్న ఒకాయనకు కూడా వినిపించాను. గడ్డం స్టాండు మీద పెట్టించి కూర్చోబెట్టారు కాబట్టి పాపం ఆయన కదలడానికి లేకపోయింది. దేశదేశాల డాక్టర్లు వచ్చే సభలో నా కూతురు వేదికెక్కి మాట్లాడుతుందట! నా ఒళ్ళు నాకు తెలియడం లేదు తల్లీ.

"దేని గురించి మాట్లాడుతుంది?" అని అందరూ అడుగుతున్నారు. నేను ఏడో తరగతితో ఆపేసినవాణ్ణే అయినా తడుముకోకుండా చెబుతున్నాను: "కన్ను గురించి కాదయ్యా. దాని గురించి చెప్పేవాళ్ళు వీధికొకరున్నారు. కన్ను కాపురముండే గది గురించి. ఆ గదిలో సామాను వాచిపోతే కన్ను చోటు చాలక గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. గోడలు పడగొట్టకుండా మందుతోనే సామాను తగ్గించొచ్చా, లోపలి ఫోటో తీసి ఆ సంగతి ముందే కనిపెట్టొచ్చా, అదీ మా అమ్మాయి పరిశోధన." సరిగ్గానే చెప్పానా? తప్పుంటే మాత్రం ఇప్పుడు చెప్పకు. చాలామందికి చెప్పేశాను.

ఇక నువ్వడిగిన ఫోటోలు. "చిన్నప్పటివీ, వయసులోవీ, నడివయసువీ, ముఖం బాగా కనిపించేవి పంపు" అన్నావు. ఎందుకో రాయలేదు. రాయకపోతే అర్థం కాదా? సభలో తెర మీద "ఈయన మా నాన్న" అని వేస్తావు, అంతేగా! "అదేం కాదు, ఇంకేదో ఉంది" అంటోంది మీ అమ్మ. తన ఫోటో అడగలేదని ఉడుకు.

బళ్ళో తీసిన గుంపు ఫోటో, స్టూడియోలో ఫోటోలకు మెరుగులు దిద్దే టచింగ్ పనికి చేరినప్పటిది, పెళ్ళికి ముందు మీ అమ్మ వాళ్ళింటికి పంపినది, నిన్ను ఎత్తుకున్నది, స్టూడియో మూసేసిన రోజుది. అన్నిటినీ కిటికీ దగ్గర కూర్చుని ఫస్టుక్లాసుగా తయారుచేసి పంపుతున్నాను. పెద్ద తెర మీద వేసినా పరువు పోదు.

నీ పేరు చెప్పి వీధిలో ఊరికే టీలు తాగుతున్న
నాన్న

జూన్ 11

నాన్నా,

ఫోటోలు అందాయి. ఎంత జాగ్రత్తగా చుట్టావంటే, విప్పడానికి ఒక కత్తెరా ఇద్దరు డాక్టర్లూ కావాల్సొచ్చింది. నువ్వు చెప్పిన గది కథ సరిగ్గానే ఉంది. నా పక్క సీటు డాక్టరమ్మ అది చదివి, "సభలో నువ్వు కూడా ఇలాగే చెబితే ఎవరూ నిద్రపోరు" అంది.

ఇప్పుడు నేనడిగే వాటికి కబుర్లు కలపకుండా జవాబు రాయి. కుడి కన్ను వెనక నొప్పిగానో బరువుగానో ఉంటోందా? చూపు మసకబారిందా? ఏదైనా రెండుగా కనిపిస్తోందా? ఈమధ్య సన్నబడ్డావా?

ఈ ఉత్తరంతో ఒక చీటీ పెడుతున్నాను. దగ్గర్లోని స్కానింగ్ సెంటర్‌లో చూపించు. రెండు కంటిగూళ్ళకూ స్కాన్ తీసి బొమ్మలు నాకే పంపుతారు, వాళ్ళతో మాట్లాడాను. వాయిదా వేయకు నాన్నా. ఈ వారమే వెళ్ళు.

అమ్మను కంగారు పెట్టకు. నా పరిశోధనకు కావాలని చెప్పు.

నీ కూతురు

జూన్ 19

పరిశోధకురాలికి,

పరిశోధనకు కావాలా! నా కన్ను! ఆ మాట ఉత్తరం చివర్న రాస్తావేమిటమ్మా, మొదట్లోనే రాస్తే ఇంకో పూట ముందే సంతోషించేవాణ్ణి కదా. "చూశావా, నేను తెర మీదికే కాదు, పరిశోధనలోకి కూడా ఎక్కేశాను" అన్నాను మీ అమ్మతో. "ఎక్కింది చాలు, పడకుండా దిగండి" అంది.

ముందు నీ ప్రశ్నలు. నొప్పి లేదు, బరువు లేదు. మసక లేదు, కళ్ళజోడు పెట్టుకుంటే ఇప్పటికీ సూదిలో దారం నేనే ఎక్కిస్తాను. రెండుగా కనిపించడం అంటావా, అందరికీ ఎంత కనిపిస్తుందో నాకూ అంతే. పిసరంత ఎక్కువా లేదు, తక్కువా లేదు. సన్నబడడానికి మీ అమ్మ ఒప్పుకోదు.

ఇక స్కాన్ సంగతి. ఫోటో తీయించుకోవడం అంటే నాకు చెప్పాలా? పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ ఆవిడ దగ్గర వేడి వేడి చొక్కా తీసుకుని అక్కడికక్కడే తొడుక్కుని వెళ్ళాను. అక్కడ ఫోటో తీసే కుర్రాడు బల్ల మీద పడుకోమన్నాడు. తల దగ్గర పెద్ద గుండ్రటి చక్రం, మనిషి దూరేంత. "లైటు ఎటునుంచి పడుతుంది తమ్ముడూ? కొంచెం ఎడమ పక్కనుంచి తియ్యి, అటు బాగుంటాను" అన్నాను. "తాతగారూ, ఇది అన్ని పక్కల నుంచీ తీస్తుందండీ" అన్నాడు. అన్ని పక్కల నుంచీ! మా కాలంలో అలాంటి కెమెరా ఉంటే ఎంతమంది పెళ్ళిళ్ళు ఆగిపోయేవో.

తర్వాత అన్నాడు చూడు, "కదలకండి" అని. నాకు నవ్వాగలేదు. ఎంతమందికి చెప్పాను ఆ మాట! ఏడుస్తున్న పిల్లలకు, గుక్క బిగబట్టిన పెళ్ళికొడుకులకు. ఇన్నేళ్ళకు నాకు తిరిగి చెప్పినవాడు వీడు. కదలకుండా చిన్నగా నవ్వుమొహం పెట్టాను. అయిపోయాక వచ్చి, "నవ్వారా? ఎముకల్లో నవ్వు పడదండీ" అన్నాడు. "పోనీ నెగెటివ్ ఇవ్వు, ఇంటికి తీసుకెళ్ళి టచింగ్ చేసి తెస్తాను" అన్నాను. "దీనికి టచింగ్ ఉండదు తాతగారూ. లోపల ఏముంటే అదే."

కుర్రాడు మంచివాడే, కానీ కళాహృదయం లేదు.

సభకు ఏ చీర కట్టుకుంటావో రాయమంటోంది మీ అమ్మ.

పరిశోధనలో పాలుపంచుకున్న
నాన్న

జూన్ 26

నాన్నా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. ఇక దాచను.

ఫోటోలు అడిగింది తెర మీద వేయడానికి కాదు. కొత్త షాపు తెరిచిన రోజు మామయ్య తన ఫోన్లో తీసి పంపిన ఫోటోలో నీ కుడి కన్ను ముందుకొచ్చినట్టు కనిపించింది. రోజూ అలాంటి కళ్ళే చూస్తున్నదాన్ని కదా, భయమేసింది. మా దగ్గరికి వచ్చినవాళ్ళని మొదట అడిగేది పాత ఫోటోలే. అప్పుడూ అలాగే ఉంటే పర్వాలేదు, పుట్టుకతో వచ్చిందనుకుంటాం. అప్పుడు లేకపోతే వెనక ఏదో పెరుగుతోందని అనుమానం. నీ పాత ఫోటోలన్నిట్లో రెండు కళ్ళూ సమానంగా ఉన్నాయి. స్టూడియో మూసేసిన రోజుదాంట్లో కూడా.

స్కాన్ వచ్చింది. కుడి కన్ను వెనక ఏమీ లేదు నాన్నా. వాపు లేదు, గడ్డ లేదు. నేను నమ్మక మళ్ళీ మళ్ళీ చూస్తుంటే, నాకు పని నేర్పిన పెద్ద డాక్టరమ్మ వెనక నిలబడి, "అమ్మాయ్, నువ్వు తప్పు కన్ను చూస్తున్నావు" అన్నారు. నిజమే. కుడిది ముందుకు రాలేదు. ఎడమది లోపలికి కుంగింది. అందుకే పక్కనున్నది పెద్దగా కనిపిస్తోంది. ఎడమ గూటి నేల ఎముకలో ఒక చోట చిన్న పల్లం ఉంది. అసలే అది కాగితమంత పల్చటి ఎముక.

అది ఎప్పుడో తగిలిన పాత దెబ్బయితే భయం లేదు. కొత్తదైతే, ఏదో ఆ ఎముకను లోపల్నుంచి తినేస్తోందని అర్థం. చూడ్డానికి పాతదానిలాగే ఉంది. కానీ నీ ఫోటోలు కొత్తదని చెబుతున్నాయి. ఫోటోలు అబద్ధం చెప్పవు కదా.

ఈమధ్య ఎక్కడైనా పడి మాకు చెప్పకుండా దాచావా? నిజం రాయి. సభ మానుకుని నేనే వచ్చి నిన్ను ఇక్కడికి తీసుకొస్తాను. లోపలి ముక్క తీసి పరీక్ష చేయించాలి. సభలు మళ్ళీ వస్తాయి.

నీ కూతురు

జూలై 1

పిచ్చితల్లికి,

సభ మానేస్తే నేను కన్ను మూసుకుని కూర్చుంటాను, స్కాన్ వాళ్ళకే కాదు, నీకు కూడా చూపించను. ముందు ఈ మాట చదివి, కుర్చీలో వెనక్కి వాలి, ఒక గ్లాసు మంచినీళ్ళు తాగు.

ఫోటోలు అబద్ధం చెప్పవా? ఎవరమ్మా నీకు చెప్పింది? నేను తిన్న తిండంతా ఆ అబద్ధాల మీదే కదా!

ఆ కళ్ళు నేను దిద్దినవి. నా కుడి కన్ను ఎప్పుడూ కాస్త పెద్దగానే పడేది. మా ఓనరు "ఏరా, ఒక కన్నుతో గిరాకీని, ఇంకో కన్నుతో గల్లాపెట్టెనీ చూస్తావా?" అని ఏడిపించేవాడు. అందుకని నా ఫోటో ఏది ప్రింటయినా బ్లేడు మొనతో కాస్త గీకి, సన్న కుంచెతో పై రెప్పను ఒక వెంట్రుకవాసి కిందికి దించేవాణ్ణి. నువ్వడిగావని మొన్న కిటికీ దగ్గర కూర్చుని మిగతావి కూడా సర్దేశాను. బళ్ళో ఫోటోలో నా పక్కవాడి ఎత్తుపళ్ళు కూడా లోపలికి తోశాను, పెద్ద తెర మీద బాగుండదని. అంత బాగా కుదిరాయన్నమాట, డాక్టర్లే పోల్చుకోలేకపోయారు! నీ భయం తెలియక ముందైతే ఈ మాటకు గంతులేసేవాణ్ణి.

మీ అమ్మకు అంతా చెప్పాల్సొచ్చింది. విని నా మొహం పరీక్షగా చూసింది. తర్వాత, "పెళ్ళికి ముందు మా ఇంటికొచ్చిన ఫోటోలో మనిషి కోసం నేనింకా ఎదురుచూస్తూనే ఉన్నాను. మీకెక్కడైనా కనిపించాడా?" అంది. నవ్వుతూనే అంది గానీ, వెంటనే పోయి దేవుడి దగ్గర దీపం పెట్టింది.

అసలు చిక్కు ఇక్కడుంది తల్లీ. నా కన్ను ఎప్పుడూ ఇలాగే ఉందని నేనంటే సరిపోదు. పెద్దగా ఉందని తెలుసు గానీ ఎంత పెద్దగానో, ఈమధ్య పెరిగిందో లేదో రోజూ అద్దంలో చూసుకునే నాకూ, రోజూ పక్కనుండే మీ అమ్మకూ తెలియదు. దిద్దని ఫోటో ఒక్కటైనా దొరుకుతుందేమోనని ఇల్లంతా తిరగేశాం. లేదు. నా చెయ్యి పడని నా మొహం ఈ ఇంట్లో లేదు. ఎక్కడా పడలేదు, దెబ్బ తగిలిన గుర్తూ లేదు. మీ పెద్ద డాక్టరమ్మను అడుగు, ఇంకో దారేదైనా ఉందేమో. రమ్మంటే వస్తాను. నువ్వు మాత్రం సభకు వెళ్ళు.

నాన్న

జూలై 8

దొంగ నాన్నా!

నీ ఉత్తరం పట్టుకుని పెద్ద డాక్టరమ్మ గదికి పరిగెత్తాను. ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. తర్వాత "మరి మీ నాన్నగారు దిద్దనిది ఏముందో చూద్దాం" అని, ఒక తెల్ల కాగితం చీల్చి అన్ని ఫోటోల్లోనూ నీ కళ్ళు మూసేశారు.

నాన్నా, నువ్వు కళ్ళు దిద్దావు. గడ్డం మర్చిపోయావు.

బళ్ళో గుంపులో అందరి గడ్డాలూ ఛాతీకి ఆనుకుని ఉన్నాయి, నీది ఒక్కటే ఆకాశం వైపు. స్టూడియోలో చేరినప్పుడూ అంతే. నన్ను ఎత్తుకున్నప్పుడూ అంతే. పెళ్ళిచూపుల్లో నిన్ను చూసి తాతయ్య "కుర్రాడు మంచివాడే గానీ గడ్డం దించడు, పొగరు" అన్నాడని అమ్మ చెప్పేది కదా. అది పొగరు కాదు. ఎడమ కన్నును కదిలించే కండరం ఒక కొస ఆ ఎముక పగులులో ఇరుక్కుంది. అందుకే ఆ కన్ను పైకి సరిగ్గా లేవదు. పైకి చూడాల్సిన అవసరం రాకుండా నీకు తెలియకుండానే తల వెనక్కి వాల్చావు, బళ్ళో చదివే రోజుల నుంచీ!

అంటే దెబ్బ అప్పటిదే. స్కాన్‌లో పగులు అంచు నున్నగా అరిగి ఉంది, అదీ ఈ మాటే చెబుతోంది. ఏదీ తినడం లేదు నాన్నా. ఏదీ పెరగడం లేదు. ముక్క తీయక్కర్లేదు. ఆసుపత్రి వసారాలో నేను గెంతితే, తోపుడు కుర్చీలో వెళ్తున్న ఒక ముసలావిడ "మగపిల్లాడా, ఆడపిల్లా?" అని అడిగింది. "మా నాన్న" అన్నాను.

ఒక్కటే అర్థం కాలేదు. పైకి చూస్తే నీకు కచ్చితంగా రెండు కనిపించాలి. నేను అడిగితే కనిపించదని ఎందుకు రాశావు?

నీ కూతురు

జూలై 13

బంగారుతల్లికి,

కనిపించదని నేనెక్కడ రాశాను? అందరికీ ఎంత కనిపిస్తుందో అంతే అని రాశాను!

తల్లీ, నిజం చెప్పు. పైకి చూస్తే అందరికీ రెండు కనిపించవా?

నీ ఉత్తరం చదవగానే మీ మామయ్య షాపుకు పోయి ఫ్యాను కింద నిలబడ్డాను. "బామ్మర్దీ, ఎన్ని ఫ్యాన్లు?" అన్నాను. "ఒక్కటే కొన్నాను బావా. రెండోది నీకు కనిపిస్తే దాని కరెంటు బిల్లు నువ్వే కట్టు" అన్నాడు. బయటికొచ్చి ఇస్త్రీ ఆవిడను తీగ మీద పిట్టలు లెక్కపెట్టమన్నాను. నాకు కనిపించినవాటిలో సగమే చెప్పింది. ఆవిడకు లెక్క రాదేమోనని దారిన పోయే వాళ్ళను నలుగురైదుగురిని ఆపాను. అందరూ ఒకటే మాట. నన్ను ఒక రకంగా చూసి వెళ్ళిపోయారు.

ప్రపంచం కింది సగం సింగిల్, పై సగం డబుల్ అనుకుంటూ ఇంతకాలం బతికానమ్మా. చందమామ ఒక్కడే అని బళ్ళో చెప్పేవారు. పుస్తకంలో రాసినవన్నీ కంటికి కనపడాలని ఏముందిలే అని ఊరుకున్నాను. పైగా నా పనంతా బల్ల మీదే, తల వంచుకుని. పైకి చూసే తీరికేదీ?

దెబ్బ సంగతి కూడా తేలింది. మీ అమ్మ మీ పెద్దత్తకు ఫోన్ చేసింది. చిన్నప్పుడు అక్కయ్య ఊగుతుంటే ఉయ్యాల చెక్క కొస నా ఎడమ కంటి కింద తగిలిందట, మొహమంతా ఉబ్బిపోయిందట. నాకు గుర్తే లేదు. "నువ్వే కొట్టావన్నమాట" అని నేనంటే, "నేను కొట్టడమేమిటి, నువ్వే అడ్డం వచ్చావు" అని ఈ వయసులో కూడా గొడవకు దిగింది. కాసేపయ్యాక "కన్ను బాగానే ఉందిగా?" అని మెల్లగా అడిగింది. "పిల్ల భేషుగ్గా ఉందంది" అన్నాను. అవతల ముక్కు చీదిన చప్పుడు.

నీ మాట విన్నాక మీ అమ్మ పడుకున్నదే నిద్ర. అంతకు ముందు వారమంతా ఆవిడ నిద్రపోలేదని నాకిప్పుడే తెలిసింది.

సభకు నా ఫోటోలు వాడుకుంటే వాడుకో. గడ్డం ఉంది కదా, అది అసలుదే.

పొగరు లేని
నాన్న

జూలై 30

నాన్నా,

సభ అయింది. నా మందుల సంగతీ కొలతల సంగతీ చెప్పాక, చివర్న నీ ఫోటోలు వేసి "ఈయనకు జబ్బు ఎప్పటి నుంచి?" అని అడిగాను. హాలు నిండా కంటి డాక్టర్లు. అందరూ కళ్ళే చూశారు. ఒక్కరూ చెప్పలేకపోయారు. అప్పుడు కళ్ళు మూసి గడ్డం చూపించాను. ముందు నవ్వులు, తర్వాత చప్పట్లు. నా మందులకు కూడా అన్ని చప్పట్లు రాలేదు. బయటికొచ్చాక నా పరిశోధన గురించి ఇద్దరడిగారు, నీ టచింగ్ గురించి పదిమంది అడిగారు. "ఈయన మా నాన్న" అని పెద్ద తెర మీద చెప్పనే చెప్పాను, నీ మాటే నెగ్గింది. అమ్మకు చెప్పు, నీలం చీర కట్టుకున్నాను.

ఇన్నేళ్ళ ఎముకను కదిలించొద్దని పెద్ద డాక్టరమ్మ అన్నారు. ఆపరేషన్ వద్దు. పల్చటి ప్రిజమ్ రేకు ఒకటి పంపుతున్నాను. వెలుగును కాస్త వంచి రెండు బొమ్మల్నీ ఒకచోటికి తెస్తుంది. నీ కళ్ళజోడు ఎడమ అద్దం పై సగానికి మామయ్య అతికిస్తాడు, ఎలాగో ఆయనకు విడిగా రాశాను. మొదట్లో కాస్త తలతిప్పుతుంది. మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త.

గడ్డం దించి, కళ్ళు మాత్రం ఎత్తి పైకి చూసి ఏం కనిపించిందో రాయి.

నీ కూతురు

ఆగస్టు 9

నా కళ్ళు తెరిపించిన తల్లికి,

ఇవాళ సాయంత్రం మీ మామయ్య రేకు కత్తిరించి అతికించాడు. "బావా, పైకి చూడు" అన్నాడు. ఫ్యాను వైపు చూశాను. రెండు ఫ్యాన్లు ఒకదాని మీదికొకటి జరిగి, ఒక్కటైపోయాయి. "బిల్లు సగానికి తగ్గింది" అన్నాను. వాడు నన్ను కౌగిలించుకుని వదల్లేదు. గిరాకీ వచ్చినా వదల్లేదు.

ఇంటికి నడిచొచ్చాను. తీగలు ఒక్కొక్కటే. డాబాల మీద నీళ్ళ ట్యాంకులు ఒక్కొక్కటే. ప్రపంచం ఇంత ఖాళీగా ఉంటుందా తల్లీ! మన ఇంటి కింద నిలబడి తలెత్తాను, గడ్డం దించి కళ్ళు మాత్రం ఎత్తాను, నువ్వు చెప్పినట్టు. పై అంతస్తు బాల్కనీలోంచి మీ అమ్మ వంగి కేకేస్తోంది, "ఏమండీ, చీకటి పడేదాకా షాపులోనే ఉంటారా?" అని.

కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ బాల్కనీలోంచి నన్ను ఇద్దరు తిట్టేవాళ్ళమ్మా, పైన ఒకావిడా కింద ఒకావిడా. ఇవాళ ఒక్కతే ఉంది. ఒక్క మనిషి, జుట్టు చెదిరి, రెయిలింగ్ పట్టుకుని. ఎంత బాగుందో! టచింగ్ అక్కర్లేదు. నేను అలాగే చూస్తూ నిలబడిపోయాను.

"ఏమిటలా చూస్తున్నారు?" అంది.

"ఒక్కదానివే ఉన్నావు" అన్నాను.

"మరింకెవరుంటారు? ఇంకొకత్తిని తెచ్చి పెట్టారా ఏమిటి?"

"నిన్నటిదాకా ఉంది. ఇవాళే వెళ్ళిపోయింది."

ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వింది. పక్కింటి వాళ్ళు కిటికీలు తెరిచారు. మీ అమ్మ లోపలికి వెళ్ళి తలుపేసేసుకుంది. మెట్ల మీద కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. లోపల గడియ వేసే ఉంది గానీ, తలుపు అవతల నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతున్నట్టు వినిపిస్తోంది. ఇంకాసేపట్లో తీస్తుంది.

ఇవాళ్టి నుంచి ఒక్క భార్యతోనే కాపురం చేస్తున్న
నాన్న